రోటవేటర్ వెనక ఉన్న హోవార్డ్‌ను తలచుకుందాం

సంపాదకులు గారికి,

తొలకరి నాలుగు చినుకులు పడ్డాయంటే ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా రైతుల ఫోన్లలో ఒకటే మాట: రోటవేటర్ ఖాళీగా ఉందా? తిరిగే కత్తులతో నేల దున్నే ఆ యంత్రం పేరు నాగలి, గొర్రు, గుంటక సరసన ఎప్పుడో కూర్చుంది. చదువురాని ముసలమ్మ కూడా 'రోటవేటర్ కొట్టించాం' అంటుంది. అది ఒక కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న పేరని, ఆ కంపెనీ పెట్టినాయన ఆస్ట్రేలియాలో ఒక రైతు కొడుకని మన జిల్లాల్లో తెలిసినవాళ్లు తక్కువ. ఆయన పేరు ఆర్థర్ క్లిఫర్డ్ హోవార్డ్. వ్యవసాయ పేజీల్లో కొత్త యంత్రాల ధరలు, రాయితీలు వస్తుంటాయి గానీ ఆయన ప్రస్తావన మాకెప్పుడూ కనబడలేదు. ఆ లోటు తీర్చమని అడగడానికే ఈ ఉత్తరం. ఆయన్ని మరిచిపోవడం వల్ల మన తోటల్లో జరుగుతున్న నష్టం గురించి కూడా ఇందులో చెప్పాలి.

హోవార్డ్ 1893లో న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలోని క్రూక్‌వెల్‌లో పుట్టారు. తర్వాత ఆ కుటుంబం గిల్గాండ్రా అనే చోట పొలం చేసుకుంది. 1912లో, పంతొమ్మిదేళ్ల వయసులో, తండ్రి పొలంలో ఉన్న ఆవిరి ట్రాక్టరు ఇంజను నుంచి శక్తి తీసుకుని ఇరుసుకు కత్తులు బిగించి తిప్పి చూశారు. నాగలి నేలను లాగుతుంది. లాగేటప్పుడు దాని అడుగుభాగం సాలు కింది మట్టిని నొక్కుతూ పోతుంది. తిరిగే కత్తి అలా కాకుండా పైనుంచి దిగి, మట్టిని చెక్కి, వెనక్కి విసురుతుంది. నేల గట్టిపడకుండా దున్నవచ్చని ఆయన కనిపెట్టింది అక్కడే.

అయితే మొదటి నమూనాల్లో ఒక చిక్కు వచ్చింది. కత్తులు మట్టిని పక్కలకు చిమ్మేశాయి. బండి వెళ్లిన దారి గోయిలా, పక్కన గట్టులా మిగిలింది. దీనికి హోవార్డ్ కనుక్కున్న విరుగుడే ఈరోజు ప్రతి రోటవేటర్ కింద కనబడే ఎల్ ఆకారపు బ్లేడు. సన్నటి ఇరుసు, దానిమీద దూరం దూరంగా పళ్లేల్లాంటి ఫ్లాంజీలు, వాటికి బిగించిన ఎల్ బ్లేడ్లు. ఈ మూడూ కలిసి ఉంటేనే పని జరుగుతుంది. బ్లేడు నిలువు భాగం మట్టిని పక్కనుంచి కోస్తుంది. కింది పాదం అడుగునుంచి చెక్కుతుంది. అలా రెండువైపులా తెగిన ముక్క వెనక రేకుకు తగిలి పగులుతుంది. ఫ్లాంజీల మధ్య ఎడం ఉంటే కలుపు, బెడ్డలు ఇరుక్కోవు. చుట్టు చిన్నదైతే అదే ఇంజనుకు కత్తి మొన దగ్గర బలం ఎక్కువ దక్కుతుంది. నూరేళ్లు దాటినా ఈ అమరికను ఎవరూ పెద్దగా మార్చలేకపోయారు.

తిరిగే కత్తుల ఆలోచన ఆయనొక్కడికే వచ్చిందని మేం అనడం లేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన కొన్రాడ్ ఫాన్ మయెన్‌బర్గ్ అంతకు ముందే స్ప్రింగులకు బిగించిన కొక్కేలతో మట్టిని గీరే యంత్రం రూపొందించారు. అమెరికాలో బెంజమిన్ గ్రేవ్లీ అనే ఫోటోగ్రాఫరు తన పెరటి తోట కోసం మోటారు నాగలి తయారుచేసి 1916లో పేటెంటు పొందారు. చేత్తో పట్టి నడిపే తోట ట్రాక్టర్ల చరిత్రలో ఆయనదీ గట్టి చోటే. కానీ మన నేలల్లో ఈవేళ తిరుగుతున్న కత్తి హోవార్డ్ కత్తే.

మొదటి ప్రపంచయుద్ధంతో ఆయన పని ఆగిపోయింది. యుద్ధకాలంలో ఇంగ్లండులో ఉండి, 1919లో ఆస్ట్రేలియాకు తిరిగొచ్చి, 1920లో ఇంజనుతో సహా అయిదు బ్లేడ్ల రోటరీ కల్టివేటర్‌కు పేటెంటు తీసుకున్నారు. 1922లో ఆస్ట్రల్ ఆటో కల్టివేటర్స్ అనే కంపెనీ పెట్టారు. అదే తర్వాత హోవార్డ్ ఆటో కల్టివేటర్స్ అయి, 1927 నుంచి సిడ్నీ పక్కన నార్త్‌మీడ్‌లో నడిచింది. గిరాకీకి అక్కడి ఫ్యాక్టరీ చాలక 1938లో ఇంగ్లండు వెళ్లి, ఎసెక్స్‌లోని ఈస్ట్ హోర్న్‌డన్‌లో రోటరీ హోస్ లిమిటెడ్ స్థాపించారు. కూరగాయల తోటలవాళ్ల కోసం ఆ కంపెనీ తయారుచేసిన జెమ్, బాంటమ్ అనే నడిచి నడిపే యంత్రాలు మన పవర్ టిల్లర్‌కు దగ్గరి బంధువులు. రోటవేటర్ అనే పేరును ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే. తిరిగే యంత్రానికి అంతకంటే తగిన పేరు దొరకదు. హోవార్డ్ 1971లో కన్నుమూశారు. 1985లో ఆ కంపెనీ డెన్మార్క్ వాళ్ల చేతికి వెళ్లింది.

మన దేశానికి పవర్ టిల్లర్ 1960ల్లో జపాన్ దారిన వచ్చింది. బెంగళూరులో వీఎస్‌టీ 1967లోను, కేరళలోని అత్తాణిలో కామ్‌కో 1973లోను మొదలయ్యాయి. ఉద్దానం కొబ్బరి తోటల్లోను, విజయనగరం మెట్ట కూరగాయల మడుల్లోను తిరిగే 12, 13 గుర్రాల శక్తి ఉన్న టిల్లర్లలో ఎక్కువ భాగం ఈ కోవకు చెందినవే. వీటికి వచ్చే కత్తి ఎల్ లాగా మడిచినట్టు ఉండదు, కొడవలిలా వంగి ఉంటుంది. జపాన్ వాళ్లు వరిమళ్ల కోసం దాన్నలా మలిచారు. దుబ్బులు, గడ్డి కత్తికి చుట్టుకోకుండా వంపు మీదుగా మొనవైపు జారిపోవాలని. పొడి గరువుకు, కలుపు దుబ్బులున్న నేలకు ఎల్ బ్లేడు. దమ్ముకు, తడి మడికి కొడవలి బ్లేడు. ఈ తేడా తెలియకుండా దొరికిన కత్తి దొరికినట్టు కలిపి బిగించిన యంత్రాలు ఊరికి రెండైనా కనబడతాయి.

హోవార్డ్ బుర్రపెట్టిందంతా కత్తి ఆకారం మీద, దాన్ని బిగించే తీరు మీద. మనం అశ్రద్ధ చేసేదీ సరిగ్గా అక్కడే.

ట్రాక్టరు వెనక తగిలించే 5 అడుగుల రోటవేటర్‌కు సాధారణంగా 7 ఫ్లాంజీలు, 36 బ్లేడ్లు ఉంటాయి. మధ్య అయిదు ఫ్లాంజీలకు ఆరేసి, అందులో మూడు కుడివి, మూడు ఎడమవి. రెండు చివరి ఫ్లాంజీలకు మూడేసి, అవీ లోపలివైపు తిరిగినవే. 6 అడుగులదైతే 8 ఫ్లాంజీలు, 42 బ్లేడ్లు. అంటే ఏ సైజైనా కుడి బ్లేడ్లు సగం, ఎడమ బ్లేడ్లు సగం. చివరి ఫ్లాంజీకి బయటివైపు తిరిగిన బ్లేడు బిగిస్తే అది పక్కరేకును గీరుతుంది, మట్టిని పక్క సాలులోకి చిమ్ముతుంది.

ఇంకో సంగతి. ఇరుసును చివరినుంచి చూస్తే ఒక ఫ్లాంజీ బ్లేడుకు, పక్క ఫ్లాంజీ బ్లేడుకు మధ్య కొంత తిరుగుడు తేడా కనబడుతుంది. మర మేకు మీది గీతల్లా బ్లేడ్లు చుట్టుకుంటూ పోతాయి. ఒకదాని తర్వాత ఒకటి నేలలో దిగాలని ఆ ఏర్పాటు. అలా దిగితే ఇంజను మీద బరువు ఒకే తీరుగా పడుతుంది. మూడు నాలుగు ఒకేసారి దిగితే బండి ఎగిరెగిరి పడుతుంది, బెల్టులు జారతాయి, గేర్‌బాక్సులో చైను, బేరింగులు తొందరగా పోతాయి. కాబట్టి బ్లేడ్లు మార్చేటప్పుడు అన్నీ ఊడదీసి కుప్పపోసి కూర్చోకూడదు. ఒక బ్లేడు విప్పాలి, దాని స్థానంలో అటువంటిదే కొత్తది బిగించాలి, ఆపైనే రెండోదాని జోలికి పోవాలి. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే తప్పు జరిగే వీలే ఉండదు.

బ్లేడు తిరగేసి బిగించడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. రోటరీ, అంటే కత్తులు బిగించిన ఇరుసు కూడా బండి చక్రం తిరిగే దిక్కుకే తిరుగుతుంది. ముందువైపు కిందికి దిగి, నేలలోంచి వెనక్కి లాగుతుంది. నేలకు ముందు తగలాల్సింది పదును అంచు. కుడి బ్లేడు ఎడమ చోట పడితే వీపు ముందు తగులుతుంది. అప్పుడు బండి నేలలో దిగదు, గంతులు వేస్తుంది, డీజిలు తాగుతుంది. నేల గట్టిగా ఉందని డ్రైవరు వెనక చక్రం ఇంకా పైకెత్తి లోతు పెంచుతాడు. అసలు తప్పు కత్తిలో ఉంటే శిక్ష గేర్‌బాక్సుకు పడుతుంది. చాలా బ్లేడ్ల మీద కుడి, ఎడమ గుర్తులు కొట్టి ఉంటాయి, మట్టి గీకి చూసుకుంటే సరి. బిగించాక ఇంజను ఆపి ఉంచి ఇరుసును చేత్తో ఒక చుట్టు తిప్పి, ప్రతి బ్లేడుకూ పదును ముందుకుందా, ఏదైనా రేకుకు తగులుతోందా చూడాలి. అయిదు నిమిషాల పని.

టిల్లర్ కత్తులకు ఇంకో వెసులుబాటు ఉంది. కుడివీ ఎడమవీ మార్చి మార్చి బిగిస్తే నేల సమంగా వస్తుంది. అన్నీ మధ్యవైపు తిరిగేలా బిగిస్తే మట్టి మధ్యకు చేరి చిన్న బోదెలా లేస్తుంది. కంద, పసుపు వేసేవాళ్లకు ఇది పనికొస్తుంది. అన్నీ బయటివైపు తిరిగేలా బిగిస్తే మధ్యలో గోయి పడుతుంది, పాత బోదెలు చెరపడానికి అది మేలు. ఈ మూడు అమరికలూ కంపెనీ పుస్తకంలో బొమ్మలతో ఉంటాయి. ఆ పుస్తకం ఇంగ్లిషులో ఉండడంతో పెట్టె అడుగునే ఉండిపోతుంది.

బోల్టుల సంగతి కూడా చెప్పాలి. కొత్త బ్లేడ్లు బిగించాక మొదటి గంట పనయ్యాక మళ్లీ అన్నీ బిగించాలి. కొత్త రంగు, మట్టి అణిగి వదులవుతాయి. వదులైన బ్లేడు కదిలి కదిలి తన రంధ్రాన్ని కోలగా చేస్తుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు, ఫ్లాంజీయే మార్చాలి. సంతలో దొరికే మెత్తటి బోల్టు కాకుండా తలమీద 8.8 అని కొట్టి ఉన్న గట్టి బోల్టు, స్ప్రింగ్ వాషరుతో వాడాలి. ఇక అరిగిన బ్లేడుకు వెల్డింగు చేసి ముక్క అతికించే అలవాటు ఉంది. బ్లేడు ఉక్కును కాల్చి నీరు పెట్టి గట్టిపరిచి ఉంటారు. వెల్డింగు వేడికి అతుకు పక్కన ఒకచోట మెత్తబడుతుంది, ఒకచోట పెళుసవుతుంది. రాయి తగలగానే అక్కడే విరుగుతుంది. విరిగిన ముక్క తూటాలా ఎగిరి వెనక నడిచే మనిషి కాలికి తగిలే ప్రమాదం ఉంది. పాదం మూడోవంతు అరిగితే ఆ బ్లేడు మార్చెయ్యాలి. ఒకటీ అరా కొత్తవి వేస్తే బరువు తేడా వచ్చి ఇరుసు వణుకుతుంది. మారిస్తే సెట్టుగానో, కనీసం ఎదురెదురు జతలుగానో మార్చాలి.

మట్టి ఎంత మెత్తగా రావాలన్నది కూడా లెక్కే. టిల్లర్ గంటకు 2 కిలోమీటర్లు నడుస్తోందనుకుందాం. నిమిషానికి 33 మీటర్లు. ఇరుసు నిమిషానికి 200 చుట్లు తిరిగితే, చుట్టుకు బండి 16, 17 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. ఒకే గీతలో రెండు కత్తులు కోస్తే ఒక్కో కత్తి వాటాకు 8 సెంటీమీటర్ల ముక్క. గేరు తగ్గించి గంటకు 1.2 కిలోమీటర్లకు తెస్తే ఆ ముక్క 5 సెంటీమీటర్లవుతుంది. వెనక రేకు దించితే ముక్కలు దానికి కొట్టుకుని ఇంకా నలుగుతాయి, ఎత్తితే బెడ్డలుగానే పడతాయి. అంటే మెత్తదనం డ్రైవరు చేతిలో ఉంది. విత్తే మడికి చిన్న ముక్క కావాలి. వేసవి దుక్కికి పెద్ద ముక్కే మంచిది, వాన నీరు దిగుతుంది. మన దగ్గర ఏ పనికైనా పిండిలా చేసి ఇస్తేనే మంచి డ్రైవరు అనిపించుకుంటాడు. ఉద్దానం ఇసుక నేలను అలా పిండి చేస్తే ఉన్న కాస్త తేమ ఆరిపోతుంది, ఆకూ అలమూ తొందరగా కరిగిపోయి సారం మిగలదు, గట్టి వాన పడితే పైమట్టి కొట్టుకుపోతుంది.

పల్లపు నల్లమట్టిలో బాధ ఇంకో రకం. పదును మించి తడిగా ఉన్నప్పుడు రోటవేటర్ కొడితే బ్లేడు పాదం అడుగు మట్టిని తాపీతో పూసినట్టు నునుపు చేస్తుంది. ఏటా అదే లోతులో, 10, 12 సెంటీమీటర్ల దగ్గర, అదే పూత పడుతూ పోతే గట్టి పొర తయారవుతుంది. వరికి అది కొంత మేలే, నీరు నిలుస్తుంది. వరి తర్వాత అక్కడే మినుమో మొక్కజొన్నో వేస్తే వేరు ఆ పొర దగ్గర ఆగిపోయి మొక్క తేలిపోతుంది. మట్టి గుప్పెట్లో పట్టి నొక్కి నడుము ఎత్తు నుంచి వదిలితే ముద్ద పగలాలి. పగలకుండా అతుక్కుని ఉంటే ఆరోజు బండి దించకూడదు. రెండు మూడేళ్లకోసారి నాగలితోనో, అడుగు పొరను చీల్చే చిజెల్ నాగలితోనో లోతు దుక్కి చేయించాలి. హోవార్డ్ నేల గట్టిపడకూడదనే ఈ పని మొదలుపెట్టారని గుర్తుంటే, ఆయన యంత్రంతోనే నేలను గట్టిపరుస్తున్నామన్నది కష్టం కలిగించే మాట.

కొబ్బరి తోటల విషయం వేరుగా చెప్పాలి. కొబ్బరికి పనిచేసే వేళ్లలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ సుమారు 2 మీటర్ల లోపే ఉంటాయి. ఆ పరిధిలో రోటరీ దించకూడదు. 8 మీటర్ల ఎడంతో నాటిన తోటలో రెండు వరసల మధ్య అటు 2, ఇటు 2 వదిలితే 4 మీటర్ల పట్టీ మిగులుతుంది. 60 సెంటీమీటర్లు కోసే టిల్లర్‌తో అది 7 సాళ్ల పని. మొదలు దాకా పోయి గిరగిరా తిప్పి ఇస్తే తోట అద్దంలా కనబడుతుంది గానీ తెగిన వేళ్ల గాయాల్లోంచి గానోడెర్మా తెగులు శిలీంధ్రం చొరబడుతుంది. మొదలు దగ్గర బంక కారడం మొదలయ్యాక చెట్టును నిలబెట్టుకోవడం బహు కష్టం. తెగులు సోకిన తోటలో పనిచేసిన రోటరీకి అంటిన మట్టి, వేళ్ల ముక్కలు పక్క తోటకు ఆ జబ్బును మోసుకుపోతాయి. తోట మారే ముందు ఇరుసును గీకి, నీళ్లతో కడగాలి. అద్దెకు తిప్పే బళ్లకు ఇది మరీ ముఖ్యం. పాదులో కలుపుకు పార, బొరిగె చాలు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పడిపోయిన చెట్ల మోళ్లు ఇంకా కొన్ని తోటల్లో గడ్డి కింద దాగి ఉన్నాయి. కొత్త మొక్కలు నాటిన ఇలాంటి తోటలో మొదటి సాలు ఎప్పుడూ 7, 8 సెంటీమీటర్ల లోతుకే వెయ్యాలి. ముందే మోళ్ల దగ్గర కర్రలు పాతితే మరీ మంచిది. రెండో సాలుకు 12 దాటించవచ్చు.

కొబ్బరి పీచు, తీగలు, కంచెకు కట్టిన పాత వలల ముక్కలు, డ్రిప్పు పైపులు ఇరుసు చివరన చుట్టుకోవడం ఉద్దానంలో టిల్లర్‌కు పట్టే పెద్ద జబ్బు. చుట్టుకున్న దారం ఆయిల్ సీలు పెదవిని కోస్తుంది. ముందు చుక్క చుక్కగా నూనె కారుతుంది. నూనె పోయిన దారినే ఇసుక లోపలికి పోతుంది. పది రోజుల్లో బేరింగు అరుస్తుంది, తర్వాత చైను తెగుతుంది. సీలు ఖర్చుకు పోయేది మొత్తం రోటరీ పెట్టె ఖర్చయి కూర్చుంటుంది. గంట గంటన్నరకోసారి ఇంజను పూర్తిగా ఆపి, కొడవలితో ఆ చుట్లు కోసి తీసెయ్యాలి. ఇంజను నడుస్తుండగా కాలితోనో కర్రతోనో తియ్యబోవద్దు.

ఇంజను గురించి రెండు ముక్కలు చాలు. ఇసుక దుమ్ములో పనిచేసే బండికి ఎయిర్ క్లీనరు రోజూ కడిగి నూనె మార్చాలి. ఇంజనాయిల్ వంద గంటలకు మార్చాలి. వీ బెల్టులు మూడు ఉంటే మూడూ ఒకేసారి మార్చాలి, సాగిన రెంటి పక్కన కొత్తది ఒకటి వేస్తే బరువంతా అదే మోసి ముందు తెగుతుంది. సముద్రం పక్క ఊళ్లలో ఇంజను చల్లబరచడానికి ఉప్పు నీళ్లు పొయ్యకండి, లోపల గార కట్టి వేడెక్కుతుంది.

ప్రాణాలకు సంబంధించిన సంగతి ఒకటుంది. రోటరీ తిరుగుతుండగా టిల్లర్‌ను వెనక్కి నడపకూడదు. ముందుకు పోయేటప్పుడు కత్తులు బండిని ముందుకే నెడతాయి, మనిషి వెనక ఉంటాడు. రివర్సు వేస్తే ఆ కత్తులే మనిషి కాళ్లమీదికి వస్తాయి. కొత్త బళ్లలో రివర్సులో రోటరీ తగలకుండా అడ్డు ఉంటుంది. పాత బళ్లలో అది అరిగిపోయి ఉండవచ్చు, లేదా పని తొందరగా కావాలని పీకేసి ఉండవచ్చు. తోటలో ఇంకో ముప్పు, వెనకున్న చెట్టుకూ హ్యాండిలుకూ మధ్య మనిషి నలిగిపోవడం. మలుపు దగ్గర ముందు క్లచ్ తెంచాలి, రోటరీ లివరు న్యూట్రల్‌కు తేవాలి, వెనక్కి తిరిగి చూడాలి, అప్పుడే రివర్సు. ట్రాక్టరు రోటవేటర్‌కైతే ఇంజను శక్తిని దానికి అందించే పీటీఓ షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు ఉండి తీరాలి. తువ్వాలు, లుంగీ, చీర చెంగు ఏది తగిలినా నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టు మనిషిని వదలదు. ఆ షాఫ్టులో విరగడానికే పెట్టిన మెత్తటి బోల్టు ఉంటే దాని బదులు గట్టిది వెయ్యకూడదు. రాయి తగిలినప్పుడు పది రూపాయల బోల్టు విరిగి గేర్‌బాక్సును కాపాడుతుంది.

ఇవన్నీ కొత్త సంగతులు కావు, యంత్రం తయారుచేసినవాళ్లకు ఎప్పటినుంచో తెలిసినవే. మన జిల్లాల రైతు దాకా తెలుగులో రాలేదు, అంతే. అందుకని మీ పత్రిక ద్వారా కొన్ని మనవులు. టిల్లర్, రోటవేటర్ అమ్మే డీలర్లు బ్లేడ్ల అమరిక బొమ్మను తెలుగులో అచ్చువేసి బండితోపాటు ఇవ్వాలి, వీలైతే రేకు మీద వేసి రోటవేటర్ మూతకే అంటించాలి. యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాల్లో ఒక సెట్టు కుడి బ్లేడ్లు, ఒక సెట్టు ఎడమ బ్లేడ్లు, గట్టి బోల్టులు, రెండు ఆయిల్ సీళ్లు ఎప్పుడూ ఉంచాలి. సీజను మధ్యలో ఒక బ్లేడు విరిగితే లేకుండానే నడిపేస్తున్నారు. ఒక్క బ్లేడు లోటుకే ఇరుసు వణికి బేరింగు పోతుంది. నైరా వ్యవసాయ కళాశాల, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల రైతు శిక్షణ పెట్టినప్పుడు బండి నడపడంతోపాటు కత్తులు విప్పి బిగించడం రైతుల చేతనే చేయించాలి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలకు ఇంజను బాగా నేర్పుతున్నారు, రోటరీ పెట్టె కూడా విప్పించి చూపిస్తే ఊళ్లో వాళ్లకు పని దొరుకుతుంది.

మీ వ్యవసాయ పేజీలో తొలకరికి ముందు ఒక్కసారి, 36 బ్లేడ్ల అమరికను కుడివి ఒక రంగు, ఎడమవి ఒక రంగుగా వేసి, రైతులు కత్తిరించి షెడ్డు గోడకు అంటించుకునేంత పెద్ద బొమ్మగా అచ్చువెయ్యండి. దాని కింద ఆర్థర్ క్లిఫర్డ్ హోవార్డ్, 1893–1971 అని ఆయన పేరు వెయ్యండి.

ఇట్లు,
టిల్లర్ మెకానిక్కులు, కొబ్బరి రైతులు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా